మీ చేను ఏ నేల? రంగు ఒక్కటే చూసి చెప్పకండి

ఈ ఎపిసోడ్‌లో నేలల రకాల గురించి మాట్లాడుకుందాం. విత్తనాల షాపుకి వెళ్లగానే మనం అడిగేది "ఏ రకం బాగా పండుతుంది?" అని. కానీ అంతకన్నా ముందు మనల్ని మనం అడగాల్సిన ప్రశ్న ఇంకోటి ఉంది. నా నేల ఏది? పక్క ఊళ్లో రేగడిలో పత్తి బాగా వచ్చింది కదా అని, నీటి వసతి లేని మన చల్కలో కూడా అదే వేశామనుకోండి. వాన ఇరవై రోజులు ఎడం ఇస్తే చాలు, మన చేను వాడిపోతుంది, వాళ్లది నిలబడుతుంది. తేడా విత్తనంలో లేదు, మట్టిలో ఉంది.

మరి నేలల్ని ఎలా విడదీస్తారు? మన పెద్దవాళ్లు దుబ్బ, చల్క, రేగడి, చౌడు అని పేర్లు పెట్టారు. శాస్త్రవేత్తలు ఇంకొంచెం లోపలికి వెళ్తారు. ఏ రాయి నుంచి పుట్టింది, ఏ వాతావరణంలో మారింది, గొయ్యి తీస్తే పొరలు ఎలా ఉన్నాయి, ఇవన్నీ చూస్తారు. అమెరికా పద్ధతిలో మొత్తం 12 తరగతులు. అందులో మన రేగడి వెర్టిసాల్స్ కిందికి, ఎర్రనేలలు ఎక్కువగా ఆల్ఫిసాల్స్ కిందికి వస్తాయి.

ముందు రేగడి. నల్లగా ఉంది కాబట్టి సేంద్రియ పదార్థం ఎక్కువ అనుకుంటాం. అది పొరపాటండి, చాలా రేగళ్లలో నత్రజని కూడా తక్కువే. దీని బలం బంకమట్టిలో ఉంది. ఆ రేణువులు 0.002 మిల్లీమీటర్ల కన్నా చిన్నవి. నీళ్లు తాగి ఉబ్బుతాయి, ఎండితే ముడుచుకుంటాయి. ఎండాకాలం నెర్రెలు అందుకే. తేమ చాలా రోజులు ఉంటుంది, కానీ వాన ఎక్కువైతే నీళ్లు నిలుస్తాయి, మురుగు కాలువలు తీయాల్సిందే.

ఎర్రనేలలు గ్రానైట్ లాంటి రాళ్ల నుంచి వచ్చినవి. ఎరుపు ఇనుము ఆక్సైడ్ వల్ల. నీళ్లు తొందరగా ఇంకుతాయి, అంతే తొందరగా ఆరిపోతాయి. అందుకే పశువుల ఎరువు, చెరువు మట్టి ఇక్కడ బాగా పనిచేస్తాయి. కృష్ణా, గోదావరి డెల్టాల్లో ఉన్నవి ఒండ్రు నేలలు, నది తెచ్చి పరిచినవి. జహీరాబాద్ వైపు కనిపించేవి లాటరైట్, అంటే వానలకు పోషకాలు కొట్టుకుపోయి ఇనుము, అల్యూమినియం మిగిలిన నేలలు.

ఇక చౌడు. ఇక్కడే డబ్బులు వృథా అవుతాయి, జాగ్రత్తగా వినండి. పాలచౌడులో సమస్య ఉప్పు. మంచినీళ్లు పెట్టి, మురుగు బయటికి పోయేలా చేసి కడగాలి. కారుచౌడులో సమస్య సోడియం, దానికి జిప్సం కావాలి. చౌడు కనిపించగానే జిప్సం చల్లడం కాదన్నమాట. ఏదో తెలుసుకోవాలంటే మట్టి పరీక్షే దారి.

చివరగా ఇంట్లో చేసుకునే పరీక్ష ఒకటి. గుప్పెడు మట్టి తడిపి ముద్ద చేయండి. బొటనవేలు, చూపుడువేలు మధ్య నొక్కుతూ రిబ్బన్‌లా సాగదీయండి. ముద్దే కట్టకపోతే ఇసుక నేల. రెండు అంగుళాలు దాటి తెగకుండా సాగితే బంకనేల. మధ్యలో తెగితే రెండూ కలిసిన నేల. పైమట్టితో ఆపకండి, రెండు మూడు అడుగుల గొయ్యి తీసి అడుగు మట్టి కూడా చూడండి. పైన నల్లగా ఉండి, అడుగు లోతులోనే మొరం తగిలితే, అది లోతు రేగడిలా తేమ ఆపలేదు.

ఈసారి విత్తనం కొనేముందు ఆ గొయ్యి తీయండి.