నిప్పు కొస పొగ

శ్రీకాకుళం, విజయనగరం, విశాఖపట్నం జిల్లాల పల్లెల్లో పెద్ద వయసు ఆడవాళ్లు కొందరు చుట్ట కాల్చే తీరు, మొదటిసారి చూసినవాళ్లకు ఒళ్లు జలదరించేలా ఉంటుంది. చుట్ట వెలిగించి, నిప్పున్న కొసను నోట్లో పెట్టుకుని పెదాలు మూస్తారు. దీన్ని అడ్డపొగ అంటారు. నిప్పు లోపల ఉంటే గాలికి ఆరిపోదు, పని సాగుతూనే ఉంటుంది. తల్లినో అత్తనో చూసి చిన్నప్పుడే నేర్చుకున్నవాళ్లు వీళ్లలో చాలామంది.

డెన్మార్క్‌కు చెందిన నోటి వ్యాధుల నిపుణుడు జెన్స్ పిండ్‌బోర్గ్, ముంబయి టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఫండమెంటల్ రీసెర్చ్‌లోని ఫలి మెహతా బృందం కలిసి శ్రీకాకుళం పల్లెల్లో 10,169 మంది నోళ్లు పరీక్షించి, 1971లో ఫలితాలు ప్రచురించారు. వాళ్లలో 100కు 40 మందికి పైగా అడ్డపొగ తాగేవాళ్లే. ఇతర చోట్ల నోటి క్యాన్సర్ ఎక్కువగా బుగ్గ లోపలో నాలుక మీదో వస్తుంది. గట్టి అంగిలికి రావడం అరుదు. ఇక్కడ మాత్రం అంగిలే దెబ్బతింటోంది. మొదట అది తెల్లబారి మందమవుతుంది. లాలాజల గ్రంథుల రంధ్రాలు ఎర్రటి చుక్కల్లా పైకి తేలతాయి. ఆ తర్వాత ఎర్ర మచ్చలు, పుండ్లు. వాటిలో కొన్ని క్యాన్సర్‌గా మారతాయి. మొదట్లో నొప్పి తెలియకపోవడంతో చాలామంది పుండు ముదిరాకే డాక్టరు దగ్గరికి వెళ్తారు.

నోట్లో వేడి 120 డిగ్రీల సెల్సియస్ దాకా పోతుందని కొలిచి చూశారు. కానీ తప్పంతా వేడిదే అనుకోకూడదు. పొగాకు కాలేటప్పుడు రెండు రకాల పొగ వస్తుంది. పీల్చినప్పుడు చుట్ట గుండా లోపలికి వచ్చేది ఒకటి. దమ్ముకూ దమ్ముకూ మధ్య నిప్పు కొస తనంతట తాను వదిలేది రెండోది. పీల్చనప్పుడు నిప్పు తక్కువ వేడితో, తక్కువ ఆక్సిజన్‌తో సగం సగంగా మండుతుంది. అందుకే ఆ పొగలో కార్బన్ మోనాక్సైడ్, అమ్మోనియా, క్యాన్సర్ కలిగించే నైట్రోసమీన్లు దమ్ము పొగలో కంటే ఎక్కువగా పుడతాయి. అడ్డపొగలో ఈ రెండు పొగలూ ఒకే నోట్లో చేరుతున్నాయి.

మామూలుగా సిగరెట్, బీడీ తాగే ఇంట్లో ఆ రెండో పొగ ఎవరికి పోతుంది? పక్కనున్నవాళ్లకు. గదిలో మిగిలే పొగలో సుమారు 85 శాతం నిప్పు కొసదే. తాగేవాడు ఊదింది కొద్దిగానే ఉంటుంది. గాలిలో కలిసి పలచబడుతుంది నిజమే, కానీ భార్య, పిల్లలు దాన్ని గంటల తరబడి, ఏళ్ల తరబడి పీలుస్తారు.

దీని ఫలితాన్ని మొదట పెద్ద ఎత్తున లెక్కగట్టినవాడు జపాన్ శాస్త్రవేత్త తకేషి హిరాయామా. తాము పొగ తాగని 91,540 మంది వివాహితలను 14 ఏళ్లు గమనించి 1981లో ఫలితం ప్రకటించాడు. భర్త ఎన్ని ఎక్కువ సిగరెట్లు కాలిస్తే, భార్యకు ఊపిరితిత్తుల క్యాన్సర్ ముప్పు అంత ఎక్కువ. పొగాకు కంపెనీలు ఆయన లెక్కలు తప్పని గొడవ చేశాయి. తర్వాత బయటపడిన వాళ్ల సొంత పత్రాల్లో, వాళ్ల సలహాదారులే ఆయన చెప్పింది సరైనదని ఒప్పుకున్నట్టు తేలింది. ఈ మోసాన్ని క్షమించడం నాకు సాధ్యం కాదు.

గుండె సంగతి ఇంకా తీవ్రం. ఇంట్లోనో పనిచోటో పరుల పొగ పీల్చేవాళ్లకు గుండెజబ్బు ముప్పు 25 నుంచి 30 శాతం పెరుగుతుందని అమెరికా సర్జన్ జనరల్ 2006 నివేదిక చెప్పింది. కొద్దిసేపు పీల్చినా రక్తంలోని ప్లేట్‌లెట్లు అతుక్కునే గుణం పెంచుకుంటాయి, రక్తనాళాల లోపలి పొర పట్టు తప్పుతుంది. పెద్దల కంటే వేగంగా ఊపిరి తీసుకునే పిల్లలకు ఉబ్బసం, చెవి ఇన్‌ఫెక్షన్లు, న్యుమోనియా.

మన దేశంలో 2008 అక్టోబరు 2 నుంచి బహిరంగ స్థలాల్లో పొగ తాగడంపై నిషేధాన్ని గట్టిగా అమలులోకి తెచ్చారు. ఆ చట్టం బస్టాండుకు, హోటలుకు, ఆఫీసుకు వర్తిస్తుంది, ఇంటికి వర్తించదు. 2016-17 జాతీయ సర్వే ప్రకారం పెద్దవాళ్లలో 38.7 శాతం మంది ఇంట్లోనే పరుల పొగ పీలుస్తున్నారు. కిటికీ తెరిస్తే సరిపోతుందనీ, ఫ్యాన్ వేస్తే పోతుందనీ నమ్మకండి. ఆ సూక్ష్మ కణాలు గదిలోంచి పూర్తిగా పోవు, పరుపుల్లో, తెరల్లో, బట్టల్లో పేరుకుంటాయి.

మానేసినవాళ్లకు ఏడాదిలో గుండెజబ్బు అదనపు ముప్పు సగానికి తగ్గుతుంది. మానడానికి సాయం కావాలంటే జాతీయ పొగాకు క్విట్‌లైన్ 1800-11-2356కు ఉచితంగా ఫోన్ చేయవచ్చు. అప్పటిదాకా, కనీసం ఇవాళ్టి నుంచి, మీ ఇంటి గడప లోపల ఎవరినీ వెలిగించనివ్వకండి. మీ ఇంటి పెద్దలు అడ్డపొగ తాగుతుంటే, ఒకసారి వాళ్ల నోరు తెరిపించి అంగిలి చూడండి. తెల్లగానో ఎర్రగానో మచ్చ కనిపిస్తే వెంటనే దంతవైద్యుడి దగ్గరికి తీసుకెళ్లండి.