సరకు బండికి సొరుగుబల్ల



పైరు పండించుట ఒక యెత్తు. పండిన సరకును చెడకుండ అంగడికి చేర్చుట మరియొక యెత్తు. 2005వ సంవత్సరమున టాటా ఏస్ బయలుదేరినది మొదలు చిన్న సరకు బండ్లు పల్లెపల్లెకును వచ్చినవి. మన తండ్రుల కాలమున ఎడ్లబండి చేసిన పనిలో పెద్ద పాలు నేడు ఈ బండ్లును పికప్పులును చేయుచున్నవి. బండ్లతోపాటు వానికి తగిలించు పరికరములును వచ్చుచున్నవి. అందొకటి తొట్టిలో అమర్చెడు జారుడు బల్ల. సెల్‌ఫోనులో దాని బొమ్మ చూచి, “అయ్యా, ఇది మనకు పనికివచ్చునా? దీనికి సంఘము అప్పిచ్చునా?” అని పలువురు సభ్యులు మమ్మడుగుచున్నారు. ఒక్కొక్కరికి విడివిడిగా చెప్పుటకంటె అందరికి నొక్కమారు ఇచట వ్రాయుట మేలని తలచితిమి.

బల్ల పని యేమి?

మేజాకు సొరుగు ఎట్టిదో తొట్టికి ఈ బల్ల అట్టిది. తొట్టి అడుగున రెండు ఇనుప పట్టాలు బిగింతురు. వానిమీద బేరింగుల సాయమున ఒక పలక ముందునకు వెనుకకు జారును. సరకు పలకమీద నుండును. వెనుక తలుపు దించి, గడియ తీసి, పిడి పట్టి లాగినచో సరకంతయు మన చేతికందునంత దూరము వచ్చును. మోకాళ్ళమీద ప్రాకుచు లోపలికి పోయి, నడుము వంచి పెట్టెల నీడ్చుకొనిరావలసిన పని తప్పును.

ఇది అమెరికా, ఆస్ట్రేలియా దేశములలో మిక్కిలి వాడుకలో నున్నది. అమెరికాలో పికప్పుల తొట్టి ప్రక్కలు సాధారణముగా కదలవు. వెనుక తలుపొక్కటే తెరచుకొనును. ఆస్ట్రేలియాలో పెక్కుమంది తొట్టిమీద కప్పు బిగించుకొందురు. కనుక లోపలి సరకును వెనుకనుండియే తీయవలసివచ్చును. ఆ యిబ్బందికి విరుగుడుగా ఈ బల్ల పుట్టినది. ఇబ్బంది లేనిచోట విరుగుడును కొనుట వ్యర్థము గదా!

మొదటి ప్రశ్న: మీ తొట్టి యెట్టిది?

మన పల్లెలలో తిరుగు సరకు బండ్లలో ఎక్కువవాటికి మూడు ప్రక్కలును దిగును. తొట్టి అడుగు చదునుగా నుండును. ప్రక్క తలుపు దించి నేలమీద నిలుచుండియే పెట్టె నందుకొనవచ్చును. అట్టి బండికి జారుడు బల్ల తరచు అనవసరమని మా యభిప్రాయము. శ్రీసిటీలో 2016లో వెలసిన కర్మాగారమునుండి వచ్చిన ఇసుజు వీ-క్రాస్ వంటి ప్రక్కలు కదలని పికప్పులకును, తొట్టిమీద రేకు డబ్బా కట్టించుకొన్న చిన్న బండ్లకును మాత్రము ఇది నిజముగా పనిచేయును.

రెండవ ప్రశ్న: సరకును ఎన్నిచోట్ల దింపుదురు?

మాకు తెలిసిన యిద్దరు రైతుల సంగతి చెప్పెదము. మొదటివాడు టమాట పండించి మదనపల్లె మార్కెట్టుకు తోలును. అచట హమాలీలు ఒకేసారి పెట్టెలన్నియు దింపుదురు. ఏడాదికి కొన్ని వారములే ఆ పని. అతడు బల్లకు పెట్టు సొమ్ము తిరిగి వచ్చుట కష్టము. “నీ బండికి మూడు తలుపులున్నవి. ఈ సొమ్ముతో నాలుగు నాణ్యమైన టార్పాలినులు కొనుము” అని మేము చెప్పితిమి.

రెండవవాడు కూరగాయలను డబ్బా బండిలో వేసికొని తెల్లవారుజామున బయలుదేరి, హాస్టలులకు, హోటళ్ళకు, 1999లో మొదలైన రైతు బజారులలో నొకదానికి ఇచ్చివచ్చును. ప్రతి మజిలీలోను వంకాయ ముందుండును, కావలసినది బెండకాయ. అది లోపలి మూల నుండును. దినమునకు పదిమార్లు లోపలికి ప్రాకవలసియుండెను. నలుబది యేండ్లకే అతని నడుము పట్టుకొన్నది. అతనికి బల్ల విలాసము కాదు. సరకును ఒకేచోట దింపువానికి అక్కరలేనిది, పదిచోట్ల దింపువానికి ఆరు నెలలలో తన విలువను చూపును.

బయటికి లాగిన బరువే పరీక్ష

ఇక బల్ల కావలసినవారు జాగ్రత్తగా వినవలెను. అమ్మువాడు “ఇది ఇంత బరువు మోయును” అని యొక్క అంకె చెప్పును. విదేశపు బల్లలకు ఆ అంకె పౌండ్లలో నుండును. 1000 పౌండ్లనగా 454 కిలోలు మాత్రమే; దానిని కిలోలని భ్రమపడకుడు. అంతకంటె ముఖ్యమైన ప్రశ్న మరియొకటి కలదు: ఆ బరువు బల్ల లోపల నున్నప్పుడా, బయటికి లాగినప్పుడా?

ఎడ్లబండి తోలినవారికి ఈ సంగతి వేరుగా చెప్పనక్కరలేదు. ఇరుసునకు వెనుకవైపున బరువెక్కువైనచో ఏమగును? కాడి పైకి లేచును. జారుడు బల్లయు అట్టిదే. తొట్టి వెనుక అంచున నున్న చక్రము ఇరుసువంటిది. బల్ల లోపలి కొనను పట్టియుంచు చక్రము కాడివంటిది.

ఒక లెక్క చూతము. బల్ల పొడవు 150 సెంటీమీటర్లు. దానిమీద 25 కిలోల పెట్టెలు 16, మొత్తము 400 కిలోలు, సమముగా పరచినవి. బల్ల బరువును ప్రస్తుతము విడిచెదము. సగము, అనగా 75 సెంటీమీటర్లు లాగితిమి. బరువు సరిగా అంచుమీద నిలుచును. లోపలి కొన పైకి లేవదు. 100 సెంటీమీటర్లు లాగితిమి. ఇప్పుడు బరువు నడిమి అంచుకు 25 సెంటీమీటర్లు బయట నున్నది. లోపల మిగిలిన బల్ల 50 సెంటీమీటర్లు. లోపలి కొన 200 కిలోల బలముతో పైకి లేవజూచును. అంచు చక్రముమీద 600 కిలోలు పడును. మరి 20 సెంటీమీటర్లు మాత్రమే లాగి 120 చేసితిమి. లోపలి కొన 600 కిలోల బలముతో లేచును. అంచు చక్రముమీద 1000 కిలోలు పడును. చూచితిరా! బరువు పెరుగలేదు. జానెడు దూరము పెరిగినంతనే లాగుడు మూడింతలైనది.

కావున “పూర్తిగా బయటికి వచ్చును” అని మురిసిపోవలదు. మూడింట రెండు పాళ్ళు వచ్చిన బల్ల చాలమందికి చాలును. పూర్తిగా వచ్చునది కావలెనన్నచో పట్టాలు, చక్రములు, మరలు అన్నియు అంతకంత బలమైనవి కావలెను. పట్టాలను తొట్టి అడుగు రేకుకు మాత్రము బిగించినచో ఆ 600 కిలోల లాగుడుకు రేకు చినుగును. అడుగున నున్న అడ్డ దూలములవరకు బోల్టులు దిగి, క్రింద మందపు పలకతో బిగియవలెను. చాసిస్‌కు వెల్డింగు పెట్టనీయకుడు. ఆ వేడికి ఇనుము బలము తగ్గును. వెనుక తలుపుమీద బల్ల ఆనరాదు. దానిని పట్టియుంచు గొలుసులు ఇంత బరువు కొరకు చేసినవి కావు.

గడియ సంగతి: మా తప్పు

ఒక గ్రామమున ఒక రైతు ఊరి వెల్డింగు షాపులో బల్ల చేయించెను. చక్కని పనితనము, చిటికెన వ్రేలితో లాగినను వచ్చుచుండెను. మేము చూచి పదిమందిలో మెచ్చుకొంటిమి. దానికి పెట్టినది ఇంటి తలుపు గొళ్ళెమని చూచియు పట్టించుకొనలేదు. వారము తిరుగకముందే ఆ రైతు కాలువ గట్టు ఎక్కుడులో బండి నిలిపి వెనుక తలుపు దించెను. గొళ్ళెము దారిలోని కుదుపులకే వంగియుండెను. బరువుతో బల్ల ఒక్కసారిగా జారివచ్చెను. ప్రక్కన నిలుచున్న అతని కుమారుని కుడిచేతి రెండు వ్రేళ్ళు అంచుకును బల్లకును నడుమ నలిగిపోయినవి. ఆ బాలుడు నేటికిని కలము ఎడమచేత పట్టుచున్నాడు. మేము మెచ్చుకొనుటకు ముందు గొళ్ళెమును ఒకమారు లాగిచూచియుండినచో ఇట్లు జరుగకపోవును. ఈ వ్యాసము వ్రాయుటకు అదియే ముఖ్య కారణము.

బేరింగులమీద నున్న బరువునకు రాపిడి తక్కువ. పదడుగుల దూరమునకు ఒక అడుగు ఎత్తు పెరుగు వాలుమీద 400 కిలోల సరకు 40 కిలోల బలముతో జారజూచును. గట్టిగా బ్రేకు వేసినప్పుడు బల్ల ముందునకు పోవు బలము ఇంతకు ఎన్నో రెట్లుండును. కనుక గడియ బల్ల మూసినప్పుడు తనంతట పడవలెను. పూర్తిగా తెరచినప్పుడును, నడుమ రెండు మూడు చోట్లను పడవలెను. రెండు ప్రక్కల రెండుండుట మరింత మేలు. గడియ విడిచినను బల్ల పట్టాలనుండి ఊడిపోకుండ చివర గట్టి అడ్డు ఉండవలెను. తలుపు దించువాడు ప్రక్కకు నిలువవలెను. బల్ల ఎదుట ఎవ్వరు నుండరాదు. పిల్లలు బొత్తిగా దగ్గరకు రారాదు.

కొలతలు, త్రుప్పు

ప్రక్కలు కదలని పికప్పులకు తొట్టి లోపల చక్రముల గూళ్ళు ఉబ్బియుండును. బల్ల వెడల్పు ఆ రెంటి నడుమనే పట్టవలెను. ఇరువైపుల కొంత చోటు పోవును. బల్ల ఎత్తు 12 సెంటీమీటర్లయినచో తొట్టి లోతు అంత తగ్గును. ఒక వరుస పెట్టెలు తగ్గునేమో మీ పెట్టెతోనే కొలిచి చూడుడు.

మనము బండిలో కూరగాయలే కాదు, ఎరువులును వేయుదుము. పొటాషు ఎరువు తేమతో కలిసినచో ఇనుమును త్వరగా తినివేయును. అల్యూమినియమునకును గుంటలు పెట్టును. వెల్డింగు షాపులో చేయించువారు జస్తా పూత వేసిన ఇనుము వాడవలెను. ఎరువు వేసిన దినము సాయంకాలమే నీళ్ళతో కడిగి ఆరబెట్టవలెను. బేరింగులు మూతగలవై యుండవలెను. తెరచియున్నవానికి పూసిన గ్రీజు మన ఎఱ్ఱమట్టి దుమ్మును పట్టుకొని ఆకురాయివలె అరగదీయును.

తూకము, చట్టము

బల్ల బరువు బండి మోయవలసిన బరువులోనిదే. 750 కిలోలకు అనుమతిగల బండిలో 90 కిలోల బల్ల పెట్టినచో సరకునకు మిగులునది 660 కిలోలు. ఆ 90 కిలోలనగా రెండు యూరియా బస్తాలు. దినదినమును ఊరక మోయుచుందురు. 2019లో సవరించిన మోటారు వాహనముల చట్టము ప్రకారము అధిక బరువునకు జరిమానా 20,000 రూపాయలు. పైగా ప్రతి అదనపు టన్నునకు 2,000 రూపాయలు. బల్లను బయటికి లాగియుంచి బండి నడుపరాదు. బిగించుటకు ముందు రవాణా కార్యాలయములో అడిగి తెలిసికొనుడు. బండికి వారంటీ యున్నచో అమ్మినవారినిగూడ అడుగుడు. రంధ్రములు వేసినందున అది చెడవచ్చును.

సొమ్ము చెల్లించుటకు ముందు

మీ సరకునే తీసికొనిపోయి బల్లమీద పెట్టించుడు. బల్లను లాగి, అంచునుండి కొనవరకు దారము బిగబట్టి ఎంత వంగినదో చూడుడు. సరకు దింపిన వెంటనే బల్ల తిరిగి తిన్నగా కావలెను. ఒక్క మనిషి, ఆడువారైనను, ఒక చేతితో గడియ తీసి బల్ల లాగగలరేమో చూడుడు. బండిని ఎగుడులో నిలిపి అదే పరీక్ష మరల చేయుడు. నెల దినముల పిమ్మట బోల్టులను మరల బిగించునట్లు ముందే మాట తీసికొనుడు.

సొమ్ము లేనివారికి చౌక ఉపాయము కలదు. తొట్టి అడుగున నున్నని పలక పరచి, పొడుగాటి ఇనుప కడ్డీకి కొక్కెము వంచి పెట్టుకొన్నచో లోపలి పెట్టెను నిలుచున్నచోటనుండియే ఈడ్చుకొనవచ్చును. మేము పైని చెప్పిన రెండవ రైతు మొదట ఒక పంటకాలము ఇట్లే గడిపెను. అందువలన తనకు ఎంత పొడవు బల్ల కావలెనో, ఎంత లాగిన చాలునో తెలిసికొని, తరువాత కొనెను. మూడింట రెండు పాళ్ళు మాత్రమే వచ్చు బల్లను, రెండు గడియలుగల దానిని ఎన్నుకొనెను. ఇప్పుడతడు తొట్టిలోనికి ప్రాకుట లేదు.

సంఘమునకు అప్పు కోరి వచ్చు సభ్యులు తమ బండి తొట్టి యెట్టిదో, దినమునకు ఎన్నిచోట్ల సరకు దింపుదురో, బల్ల బయటికి లాగినప్పుడు ఎంత మోయునో ఒక కాగితముమీద వ్రాసి తెచ్చినచో పంచాయతుదారులకును సుళువు, వారికిని మేలు. గడియను మాత్రము మేమే వచ్చి లాగిచూతుము.