మళ్లీ చేయి తిరిగేదాకా

గత ఏడాది వర్షాకాలంలో ఒక సాయంత్రం ఆఫీసు నుంచి ఇంటికి వస్తుంటే స్కూటరు జారి కుడి మణికట్టు విరిగింది. ఆరు వారాలు కట్టు. కట్టు విప్పాక అన్నం కలుపుకోగలిగాను, తాళం తీయగలిగాను. ఇక అంతా బాగానే ఉందనుకుంటున్న సమయంలో నేను రాసిచ్చిన చెక్కు ఒకటి సంతకం సరిపోలేదని వెనక్కి వచ్చింది. ముప్పై అయిదేళ్ల సర్వీసులో ఎందరి చెక్కులు ఆ కారణంతో తిప్పి పంపానో లెక్క లేదు. నా చెక్కు నా చేతికి తిరిగి వచ్చిన రోజు మాత్రం కౌంటరు అవతల నిలబడటం ఎలా ఉంటుందో తెలిసింది. పంపిన అమ్మాయిది తప్పేమీ లేదు. స్పెసిమెన్ పక్కన పెట్టి చూస్తే నాకే అనుమానం వచ్చేది.

ఫిజియోథెరపిస్టు రబ్బరు బంతి ఇచ్చారు, పిండమన్నారు. దానితోపాటు, "వేళ్లతో సన్నటి పని ఏదైనా చేస్తారా? వీణ, కుట్లు, బొమ్మలు గీయడం?" అని అడిగారు. లేదని చెప్పి ఇంటికొచ్చాక గుర్తొచ్చింది, మా ట్రంకుపెట్టె.

మా మేనమామ వాణిజ్య నౌకల్లో ఇంజనీరుగా పనిచేసేవారు. ఓడ విశాఖపట్నం వచ్చినప్పుడల్లా నాకు ఒక విమానం కిట్టు తెచ్చేవారు. ఎగిరేవి కాదు, ప్లాస్టిక్ ముక్కలు అతికించి, రంగులు వేసి అద్దాల బీరువాలో పెట్టుకునేవి. 1981లో ఆయన తెచ్చిన ఎయిర్‌ఫిక్స్ వారి స్పిట్‌ఫైర్ నాకు ఎంత నచ్చిందంటే, కాస్త చేయి తిరిగాక కడదామని దాచుకున్నాను. చేయి తిరిగిందని నమ్మకం కుదిరి 1990లో మొదలుపెట్టాను. దేహం రెండు సగాలు అతికించి, రెక్కలు తగిలించానో లేదో, బ్యాంకు నుంచి నియామకపు ఉత్తరం వచ్చింది. ఆ తర్వాత సంగతి మీకు చెప్పక్కరలేదు. పదకొండు బదిలీలలో ఆ పెట్టె లారీ ఎక్కి దిగింది గాని మూత తెరుచుకోలేదు.

ఈ పని ఎరగని మిత్రుల కోసం ముందు లెక్క చెబుతాను. ఈ కిట్లలో ఎక్కువగా కనిపించే స్కేలు 1/72. అంటే అసలు విమానం మీది ఆరు అడుగులు నమూనా మీద ఒక అంగుళం. ఆరడుగుల మనిషి అంగుళం ఎత్తు బొమ్మ అవుతాడన్నమాట. తొలినాటి స్పిట్‌ఫైర్ రెక్కల నిడివి 36 అడుగుల 10 అంగుళాలు, కనుక నమూనాలో ఆరంగుళాల పైచిలుకు. పొడవు 29 అడుగుల 11 అంగుళాలు, కనుక అయిదు అంగుళాల లోపు. అరచేతిలో పడుతుంది. కొంచెం పెద్దది కావాలనుకునేవారు 1/48 స్కేలు ఎంచుకుంటారు. అందులో అడుగు పావు అంగుళం అవుతుంది. యాభై దాటి కళ్లజోడు పెట్టుకున్నవారికి నా సలహా ఆ రెండోదే. నేను పాటించలేదనుకోండి.

ముప్పై అయిదేళ్లలో ఈ విద్యలో ఏం మారిందో తెలుసుకోవడానికే నాకు నెల పట్టింది. మొదటిది జిగురు. మా కాలంలో ట్యూబులో చిక్కటి జిగురు వచ్చేది. నొక్కితే దారాలు దారాలుగా సాగి, వేలికంటి, వేలి నుంచి రెక్కకంటి, రెక్క మీద మచ్చ చేసేది. ఇప్పుడు నీళ్లలా పలచటి ద్రవం చిన్న సీసాలో వస్తోంది, మూతకే సన్నటి కుంచె ఉంటుంది. ముందు రెండు ముక్కలనూ పొడిగా కలిపి పట్టుకోవాలి. అతుకు మీద కుంచె కొన ఆనిస్తే చాలు, దీపంలో వత్తి నూనెను పీల్చుకున్నట్లు ఆ సందు ద్రవాన్ని తనంతట తానే లాక్కుంటుంది. నిజానికి ఇది జిగురు కాదు. పాలీస్టైరీన్ ప్లాస్టిక్‌ను పైపొరలో కరిగిస్తుంది. కరిగిన రెండు అంచులు కలిసిపోతాయి, ద్రావకం ఆవిరైపోతుంది, మిగిలేది ఒకే ముక్క. కాబట్టి తప్పుగా అతికిస్తే విప్పడం కష్టం. అతికించే ముందు రెండు మూడుసార్లు పొడిగా కూర్చి చూసుకోవాలని చెప్పేది అందుకే.

పైలట్ కూర్చునే చోటి పారదర్శకమైన గాజులాంటి కప్పుకు మాత్రం ఆ ద్రవం వాడకూడదు, ఫెవిక్విక్ లాంటిది అసలే వాడకూడదు. దాని ఆవిరికి గాజు మసకేసి తెల్లగా అయిపోతుంది. అక్కడ మనందరికీ తెలిసిన తెల్ల ఫెవికాలే మేలు. ఆరితే కనిపించదు, అంటిన చోట తడిగుడ్డతో తుడిస్తే పోతుంది.

రెండో మార్పు ముక్కల నాణ్యత. అసలు విమానం మీద లోహపు పలకలు కలిసే గీతలు పాత కిట్లలో ఉబ్బెత్తుగా ఉండేవి. ఇప్పటి అచ్చుల్లో అవి సన్నగా లోపలికి చెక్కి ఉంటున్నాయి. అతుకును సాండ్‌పేపరుతో రుద్దినప్పుడు ఉబ్బెత్తు గీతలు చెరిగిపోతాయి, లోపలి గీతలు చాలావరకు నిలుస్తాయి. పాత కిట్లు కట్టినవారికి ఈ ఒక్క తేడా విలువ తెలుస్తుంది.

కిట్లు చేసిన కంపెనీ కథ కూడా మన వృత్తివారికి ఆసక్తిగా ఉంటుంది. మా మామయ్య నాకు పెట్టె తెచ్చిన 1981లోనే ఎయిర్‌ఫిక్స్ అప్పుల్లో మునిగి రిసీవర్ల చేతికి వెళ్లింది. మన భాషలో చెప్పాలంటే ఖాతా ఎన్.పి.ఎ. అయింది. కానీ వారి అసలు ఆస్తి ఉక్కు అచ్చులు. వాటిలో ప్లాస్టిక్ పోస్తే ఎన్నేళ్ల తర్వాతైనా అదే విమానం వస్తుంది. అందుకే కొనేవారు దొరికారు. 2006లో మరోసారి ఇబ్బంది వచ్చి హార్న్‌బీ చేతికి మారింది, నేటికీ నడుస్తోంది. ఇంత మంచి సెక్యూరిటీ ఉన్న అప్పు నా సర్వీసులో ఎన్ని చూశానా అని ఆలోచించాను.

పాత పెట్టె మీద వెంటనే చేయి వేయలేదు. ముందు ఒక కొత్త కిట్టు కొని పాడు చేద్దామనుకున్నాను. బాగానే పాడు చేశాను. చట్రం నుంచి ముక్కను కట్టర్‌తో మరీ దగ్గరగా కత్తిరించి తోక అంచు విరగ్గొట్టాను. ఒక మిల్లీమీటరు వదిలి కత్తిరించి, మిగిలింది రుద్ది తీయాలని అప్పుడు గుర్తొచ్చింది. వణికే చేతికి ఒక ఉపాయం దొరికింది. రెండు మణికట్లూ బల్ల అంచుకు ఆనించి, రెండు చిటికెన వేళ్లూ ఒకదానికొకటి తాకించి, ఊపిరి వదులుతూ కుంచె ఆనిస్తే వణుకు చాలా తగ్గుతుంది. వెలుతురు కోసం టేబుల్ లైటు, చూపు కోసం నోట్లు పరిశీలించడానికి మనం వాడేలాంటి భూతద్దం.

ఆంటెన్నా స్తంభం, బియ్యపు గింజకన్నా సన్నం, పట్టకారు నుంచి చిటుక్కున ఎగిరిపోయింది. గంట వెతికాను. మా ఆవిడ వచ్చి లైటు ఆర్పేసి, ఫోను టార్చి నేల మీద పడుకోబెట్టి తిప్పింది. ఎంత చిన్న వస్తువుకైనా పొడుగాటి నీడ పడింది. అగ్గిపుల్ల ముక్క, రెండు ఆవాలు, ఒక చెవిదిద్దు మేకు, చివరికి నా స్తంభం దొరికాయి. ఆ దిద్దు మేకు కోసం ఆవిడ మూడు నెలలుగా వెతుకుతోందట. ఆ రోజు నుంచి వార్నిషు వాసన గురించి ఫిర్యాదు తగ్గింది. అయినా కిటికీ తెరిచే పనిచేయండి, ఏసీ గదిలో వద్దు.

రంగుల్లో ఇప్పుడు నీటితో కలిపే అక్రిలిక్‌లు వచ్చాయి. గాలితో చిమ్మే ఎయిర్‌బ్రష్, కంప్రెసర్ కొనమని చాలామంది చెబుతారు. నేను కొనలేదు, నాకు పని కావలసింది చేతికి. రంగును పాలంత పలచగా చేసి, మూడు పూతలు వేసి, ఒక్కో పూత పూర్తిగా ఆరనిస్తే కుంచె గీతలు కనిపించవు. సీసాలో ఉన్నట్లే చిక్కగా ఒకే పూతలో కప్పేయాలనే తొందరే అసలు శత్రువు.

ఇక గుర్తులు. అక్షరాలు, వలయాలు పలచటి పొర మీద అచ్చువేసి వస్తాయి. గోరువెచ్చని నీటిలో అర నిమిషం నానబెట్టి, కాగితం మీద నుంచి విమానం మీదకి జార్చాలి. కొత్త కిట్టుకు అన్నీ అతికించి మర్నాడు చూస్తే ప్రతి గుర్తు చుట్టూ తెల్లటి పొడ. కారణం తర్వాత తెలిసింది. మెరుపు లేని రంగు చూడటానికి నున్నగా ఉన్నా గరుకే. ఆ గరుకు సందుల్లో గాలి చిక్కుకుని పొర కింద తెల్లగా మెరుస్తుంది. ముందు మెరిసే వార్నిషు వేసి, దాని మీద గుర్తులు అతికించి, ఆఖరున మెరుపు లేని వార్నిషు వేయాలి. పొడ వచ్చాక సూదితో చిన్న చిల్లులు పెట్టి, పొరను మెత్తబరిచే ద్రవం అద్దితే కొంత సర్దుకుంటుంది.

పాత పెట్టెలోని గుర్తులు పసుపెక్కాయి. వాటిని ప్లాస్టిక్ సంచిలో పెట్టి కిటికీ అద్దానికి టేపుతో అంటించి ఎండ తగలనిస్తే పసుపు విరుగుతుందని విని, రెండు వారాలు ఉంచాను. పసుపు చాలావరకు పోయింది. కానీ ఒక పనికిరాని ముక్కను నీళ్లలో వేసి చూస్తే అప్పడంలా పొడి పొడి అయింది. ముందుగా పారదర్శకమైన పూత వేస్తే కొన్నిసార్లు నిలుస్తాయట. నావి ఆ దశ దాటిపోయాయి.

గుర్తులు విడిగా కొనక తప్పలేదు. కొనేటప్పుడు ఏ స్క్వాడ్రన్‌వి కావాలో తేల్చుకోవాలి కదా. అప్పుడే దొరికింది 152 (హైదరాబాద్) స్క్వాడ్రన్. బ్రిటిష్ రాయల్ ఎయిర్ ఫోర్స్‌లో మన ఊరి పేరుతో ఒక దళం ఉండేదని ఇన్నేళ్లు హైదరాబాదులో ఉండి నాకు తెలియదు. నిజాం ఇచ్చిన విరాళానికి గుర్తుగా పెట్టిన పేరు అది. మొదటి ప్రపంచ యుద్ధ కాలంలో 110వ స్క్వాడ్రన్‌కు కూడా ఇలాగే ఆ పేరు వచ్చింది. 152వ దళం చిహ్నంలో నిజాం ధరించే దస్తార్ ఉంటుంది. 1940 వేసవిలో ఈ దళం స్పిట్‌ఫైర్లు ఇంగ్లండ్ దక్షిణ తీరంలోని వార్మ్‌వెల్ నుంచి ఎగిరి జర్మన్ విమానాలను ఎదుర్కొన్నాయి. వాటి పక్కన రాసే అక్షరాలు యు.ఎం. తర్వాత ఇదే దళం బర్మా యుద్ధరంగానికి వచ్చింది. అప్పటి విమానాల మీద దూకుతున్న నల్ల చిరుత బొమ్మ ఉండేది. విరాళం నిజాం పేరునే నమోదైంది. ఖజానాకు శిస్తు కట్టింది ఎవరో తెలంగాణ పల్లెలవారికి నేను చెప్పనక్కరలేదు. ఆ లెక్క ఏ చిహ్నం మీదా కనిపించదు.

అలా మా మామయ్య తెచ్చిన స్పిట్‌ఫైర్ హైదరాబాద్ దళంలో చేరింది. పైన మట్టిరంగు, ముదురు ఆకుపచ్చ. కింద ఆకుపచ్చ ఛాయ ఉన్న లేత రంగు. 1990లో నేను అతికించిన భాగాలు రుద్దుతూ ఎడమ రెక్క కిందకి వచ్చేసరికి చేయి ఆగింది. ట్యూబు జిగురు అంటిన బొటనవేలు నొక్కినట్లున్నాను, కరిగిన ప్లాస్టిక్‌లో వేలిముద్ర స్పష్టంగా దిగి ఉంది. భూతద్దం కింద రేఖలన్నీ కనిపించాయి. నా ఇప్పటి బొటనవేలు ఇంకుప్యాడ్ మీద అద్ది కాగితం మీద వేసి పక్కన పెట్టి చూశాను. ముప్పై అయిదేళ్లుగా వేలిముద్ర ఖాతాదారులకు సాక్షి సంతకాలు చేసిన మనిషిని, అలవాటు ఎక్కడికి పోతుంది? జాగ్రత్తగా పోల్చాను. రెండూ ఒకటే.

పద్ధతి ప్రకారం అక్కడ పుట్టీ నింపి నున్నగా రుద్దాలి. పోటీలకు పెట్టే నమూనా అయితే అది పెద్ద తప్పు. సాండ్‌పేపరు చేతిలో పట్టుకుని చాలాసేపు కూర్చున్నాను. చివరికి దాని చుట్టూ రుద్ది, దాన్ని వదిలేసి, పైన పలచగా రంగు వేశాను. వాలుగా వెలుతురు పడితే ఇప్పటికీ కనిపిస్తుంది.

యు.ఎం. అక్షరాలు అతికించిన రాత్రి చేయి వణకలేదు అని రాయాలని ఉంది గాని, వణికింది. రెండోసారికి కుదిరాయి. మొత్తం అయిదు నెలలు పట్టింది. మర్నాడు బ్రాంచికి వెళ్లి కొత్త స్పెసిమెన్ కార్డు అడిగాను. పాత సంతకం ఇక రాదు. 'గ' కొమ్ము దగ్గర ఒక చిన్న వంపు మారిపోయింది, అది అలాగే ఉండేట్లుంది. ఆ అమ్మాయి కార్డు ఇచ్చింది. మూడు గళ్లలో మూడుసార్లు చేశాను. ఆవిడ మూడింటినీ ఒకదానితో ఒకటి పోల్చి, నా ముఖం వైపు చూడకుండానే స్కానింగుకు పంపింది.