రోగి పలుకుబడి – నర్సింగ్ విద్యలో సంభాషణ నైపుణ్యాల బోధన: విశాఖపట్నం నేపథ్యం

వ్యాససంగ్రహం:
నర్సింగ్ విద్యలో సంభాషణ నైపుణ్యం ఎక్కువగా ఆంగ్లభాషా సామర్థ్యంతో ముడిపడి ఉంది. విశాఖపట్నం ఆసుపత్రులకు వచ్చే రోగుల భాషానేపథ్యం ఆధారంగా, ఈ బోధనలో రోగి పలుకుబడికి స్థానం కల్పించవలసిన ఆవశ్యకతను ఈ వ్యాసం వివరిస్తుంది.

కీలకపదాలు: నర్సింగ్ విద్య, సంభాషణ నైపుణ్యాలు, ఉత్తరాంధ్ర, పలుకుబడి, రోగి భద్రత.

1. ఉపోద్ఘాతం:
1923లో ప్రారంభమైన కింగ్ జార్జ్ ఆసుపత్రి ఉత్తరాంధ్రకు ప్రధాన ప్రభుత్వ వైద్యశాల. శ్రీకాకుళం, విజయనగరం పల్లెల నుండి, పాడేరు, అరకు మన్యం నుండి, పొరుగున ఉన్న ఒడిశా నుండి రోగులు ఇక్కడికి వస్తారు. మన్యం వాసులలో కువి, ఆదివాసీ ఒడియా మాతృభాషలుగా గలవారున్నారు. ఓడరేవు, ఉక్కు కర్మాగారాల వల్ల హిందీ మాట్లాడే కార్మిక కుటుంబాలూ నగరంలో ఉన్నాయి.

2. పాఠ్యప్రణాళిక:
భారతీయ నర్సింగ్ మండలి 2021లో వెలువరించిన సవరించిన బి.ఎస్సీ. నర్సింగ్ ప్రణాళికలో, మొదటి సెమిస్టరులో 'కమ్యూనికేటివ్ ఇంగ్లీష్' ప్రత్యేక పాఠ్యాంశం. ఉన్నతవిద్యకు, విదేశీ ఉద్యోగాలకు ఆంగ్లం అవసరమే. అయితే వార్డులో రోగితో జరిగే సంభాషణ ఆంగ్లంలో సాగదు.

3. పలుకుబడి – రోగలక్షణం:
'వేడి చేసింది' అని రోగి చెప్పినప్పుడు అది జ్వరమే కానక్కరలేదు. నోటిపూత, మూత్రంలో మంట కూడా కావచ్చు. దానిని జ్వరంగా నమోదు చేస్తే అసలు లక్షణమే మరుగున పడుతుంది. 'గ్యాస్ పట్టేసింది' అన్న మాట వెనుక గుండెపోటు ఉండవచ్చు. "ఎక్కడ పట్టేసిందమ్మా? చెయ్యి లాగుతోందా? చెమటలు పట్టాయా?" అన్న తదుపరి ప్రశ్నలే ఇక్కడ నైపుణ్యం. ఇది ప్రాణంతో ముడిపడిన విషయం.

4. బోధనా పద్ధతులు:
4.1. తిరిగి చెప్పించడం: "అర్థమైందా?" అంటే రోగి మొహమాటంతో తల ఊపుతాడు. "ఇంటికెళ్ళాక ఈ మాత్ర ఏ పూట వేసుకుంటారు?" అని అడిగితే అవగాహన బయటపడుతుంది.
4.2. పాత్రాభినయం: విద్యార్థులే రోగి, బంధువు, నర్సు పాత్రలు ధరించాలి. మామగారి ఎదుట కోడలు చెప్పలేని బాధలుంటాయి. కాబట్టి బంధువును దుబాసీగా వాడుకోవడంలోని పరిమితులు ఇందులో తెలియాలి.
4.3. డ్యూటీ అప్పగింత: పరిస్థితి, నేపథ్యం, అంచనా, సూచన అనే నాలుగంచెల క్రమాన్ని 2007లో ప్రపంచ ఆరోగ్య సంస్థ రోగి భద్రతా పరిష్కారాలలో సూచించింది. ఈ అప్పగింతలో రోగి అన్న మాటను యథాతథంగా చేర్చడం మేలు.

5. ముగింపు:
పరీక్షించని నైపుణ్యాన్ని విద్యార్థి అభ్యసించడు. కనుక ఆచరణ పరీక్షలలో తెలుగు సంభాషణకు మార్కులు కేటాయించాలి. స్థానిక రోగలక్షణ పదకోశాన్ని నర్సింగ్ అధ్యాపకులు, భాషాపరిశోధకులు కలిసి రూపొందించడం తక్షణ కర్తవ్యం.