కళాకారుల వృత్తి శిక్షణ: బెల్మాంట్ ఉదాహరణ

కళను వృత్తిగా ఎంచుకున్న విద్యార్థికి విశ్వవిద్యాలయం ఏమి నేర్పాలి? అమెరికాలో నాష్‌విల్ నగరంలోని బెల్మాంట్ విశ్వవిద్యాలయాన్ని పరిశీలించండి. 1951లో బాప్టిస్టు సంఘాల ఆధ్వర్యంలో కళాశాలగా మొదలైంది. 2007లో ఆ సంబంధం తెగినా క్రైస్తవ సంస్థగానే కొనసాగుతోంది. రికార్డింగు కంపెనీలున్న మ్యూజిక్ రో దానికి సమీపంలోనే ఉంది.

ఇక్కడ గానం, వాద్యంతోపాటు సంగీత వ్యాపారాన్ని కూడా డిగ్రీ స్థాయిలో బోధిస్తారు. ఎందుకో చూడండి. విడుదలైన ప్రతి పాటలోనూ రెండు హక్కులుంటాయి. సాహిత్యం, బాణీలపై ఉండేది ఒకటి. ధ్వనిముద్రణపై ఉండేది మరొకటి. ఈ రెండవది తరచు కంపెనీ చేతిలో ఉంటుంది. ఈ తేడా తెలియని యువగాయని ఒప్పందంపై సంతకం చేస్తే, పాట ఊరూరా మోగినా ఆమెకు మిగిలేది మొదట అందిన మొత్తమే కావచ్చు. భక్తిగీతమైనా అంతే, నాష్‌విల్‌లో క్రైస్తవ సంగీతం కూడా పెద్ద పరిశ్రమే. డబ్బు మాటెత్తితే కళకు మైల అంటుకుంటుందనుకునే గురువులు మన దగ్గరా తక్కువేమీ లేరు!

ఈ విశ్వవిద్యాలయానికి చెందిన ఓషన్ వే స్టూడియో ఒక పాత చర్చి భవనంలో నడుస్తోంది. అక్కడ వృత్తి కళాకారులు రికార్డింగులు చేసుకుంటారు, విద్యార్థులు పని నేర్చుకుంటారు.

అభ్యాసం: మీకు తెలిసిన ఒక పాటను తీసుకొని, పై రెండు హక్కులు ఎవరెవరివో కనుక్కొని రాయండి.