లా బ్యూజ్ నిధి

హిందూ మహాసముద్రంలో మడగాస్కరుకు తూర్పున రీయూనియన్ అనే దీవి ఉన్నది. పూర్వం ఫ్రెంచివారు దానిని బూర్బోన్ అనేవారు. 1721 ఏప్రిల్‌లో ఆ దీవి రేవులో ఒక పెద్ద పోర్చుగీసు ఓడ లంగరు వేసుకొని ఉన్నది. గోవా నుండి లిస్బన్‌కు పోతూ తుఫానులో చిక్కుకొని, స్తంభాలు విరిగి, ఫిరంగులలో అధికభాగం సముద్రం పాలు కాగా మరమ్మతుకై ఆగిన ఓడ అది. గోవా వైస్రాయి పదవి ముగించుకొని స్వదేశానికి మరలుతున్న ఎరిసైరా ప్రభువు, ఆయన సంపద అందులోనే ఉన్నవి. జాన్ టేలర్, ఒలివియే లెవాస్సూర్ అనే ఓడదొంగలు ఆ ఓడను పట్టుకొన్నారు. లెవాస్సూర్‌కు లా బ్యూజ్ అని మారుపేరు. అది గద్దజాతి పక్షి పేరు. తన్నుకుపోవడంలో అతని నేర్పు అటువంటిదట!

దోపిడి సొమ్ములో ముఖ్యమైనవి వజ్రాలు. ఆ కాలాన వజ్రాలకు మన కృష్ణాతీరపు గనులే ప్రసిద్ధి. కావున వాటిలో కొల్లూరు రాళ్లు కొన్నియైనా ఉండి ఉండవచ్చునని మాకు తోచుచున్నది.

1730 జులై 7న లా బ్యూజ్‌ను బూర్బోన్‌లో ఉరితీసినారు. ఉరికంబం మీద నుండి అతడు ఒక రహస్యలిపి పత్రాన్ని జనంలోకి విసిరి, అర్థం చేసుకోగలవాడు నా నిధిని తీసుకొనవచ్చునని అరచినాడని కథ. కథ బహు రమ్యంగా ఉన్నది. అయితే 17 పంక్తుల ఆ రహస్యలిపి లోకానికి తెలిసినది 1934లో, షార్ల్ ద లా రోంసియేర్ అనే ఫ్రెంచి చరిత్రకారుని గ్రంథం ద్వారా. ఉరికీ గ్రంథానికీ నడుమ 204 సంవత్సరాలు! అక్షరాలను విడదీసి చదివితే తప్పులతడక ఫ్రెంచి భాషలో జంట పావురాలు, చెంచాడు తేనె వంటి మాటలు వచ్చును. నిధికి దారి కంటె నాటువైద్యుని చిట్కాకే అది దగ్గర.

ఇంతకంటె బలమైన అభ్యంతరం మరొకటి ఉన్నది. ఓడదొంగలు సొమ్మును దాచేవారు కారు, పంచుకొనేవారు. 1724లో లండనులో వెలువడిన ఓడదొంగల చరిత్రలో ఈ పంపకం ప్రస్తావన కలదు. మనిషికి 42 చిన్న వజ్రాలు వచ్చినవట. వాటికి బదులుగా ఒకే పెద్ద వజ్రం దక్కినవాడు అలిగి, దానిని రోట్లో వేసి దంచి, 43 ముక్కలైనవని, తనదే మేలైన వాటా అని చంకలు గుద్దుకొన్నాడట. అట్టివారి చేతిలో పడిన సంపద శతాబ్దాల తరబడి భూగర్భంలో భద్రంగా ఉన్నదని నమ్ముట మాకు కష్టంగా ఉన్నది.

నమ్మినవారు లేకపోలేదు. రెజినాల్డ్ క్రూయిజ్-విల్కిన్స్ అనే ఆంగ్లేయుడు 1949లో సేషెల్స్ దీవులకు వచ్చి, ఆ లిపిలో హెర్క్యులీస్ పన్నెండు సాహసకార్యాల సంకేతాలు దాగి ఉన్నవని నిశ్చయించుకొన్నాడు. మాహే దీవిలోని బెల్ ఓంబ్ర్ తీరాన బండలు పగులగొట్టించినాడు, గుంతలలో ఊరే సముద్రజలాన్ని తోడించినాడు. చిల్లర వస్తువులు కొన్ని దొరికినవి గాని నిధి దొరకలేదు. 28 సంవత్సరాలు ఆ పనిలోనే గడిపి 1977లో ఆయన మరణించినాడు. ఆ తరువాత అదే తీరాన ఆయన కుమారుడు త్రవ్వకం కొనసాగించినాడు.