సున్నపు పొరల వెనుక శిల్పవైభవం

కొత్తగా కోవెల కట్టించడం కన్నా జీర్ణాలయాన్ని ఉద్ధరించడం ఎన్నో రెట్లు పుణ్యప్రదమని పెద్దలు చెబుతారు. అయితే ఉద్ధరణ పేరిట మనం చేసే పని ఆ శిలకు మేలు చేస్తున్నదా, కీడు చేస్తున్నదా అన్నది ఆలోచించవలసిన విషయం. ఇందుకు పూరీ జగన్నాథ మందిరమే చక్కని నిదర్శనం.

కళింగనగరం, అంటే నేటి శ్రీకాకుళం జిల్లాలోని శ్రీముఖలింగం, రాజధానిగా ఏలిన గాంగ వంశీయుడు అనంతవర్మ చోడగంగదేవుడు 12వ శతాబ్దంలో ఈ మహామందిర నిర్మాణానికి శ్రీకారం చుట్టాడు. మందిరానికి వాడిన ఖొండలైట్ శిల తూర్పు కనుమలలో విస్తారంగా లభిస్తుంది. అది శిల్పి ఉలికి అనువైనదే గాని, ఉప్పుగాలికి, వాననీటికి త్వరగా కరిగిపోయే స్వభావం కలది. అందుకే పూర్వులు దానిపై సున్నపు పూత వేయించారు. శతాబ్దాల తరబడి పూతపై పూత పడి శిల్పాలు మరుగున పడ్డాయి. ధవళకాంతులీనే ఆ శిఖరం నావికులకు ఆనవాలుగా నిలిచింది.

భారత పురావస్తు శాఖ 1975లో సంరక్షణ బాధ్యత స్వీకరించి ఆ పొరలను క్రమంగా తొలగించింది. దేవతామూర్తులు, లతలు, హంసల బారులు తిరిగి దర్శనమిచ్చాయి. వాటితోపాటే రాళ్ల పగుళ్లు, తుప్పుపట్టిన ఇనుప బందులూ బయటపడ్డాయి. ఇనుము తుప్పుపడితే ఉబ్బుతుంది. ఆ ఒత్తిడికి రాయి చీలుతుంది. శిల్పాన్ని దాచిన సున్నమే ఇన్నాళ్లూ శిలకు కవచంగానూ ఉన్నది. కవచం తొలగించిన తరువాత రాతిని కంటికి రెప్పలా కాచుకోవలసిందే.

శుద్ధి చేసే తీరు

నాచును మెత్తని కుంచెలతో, పలుచని అమ్మోనియా ద్రావణంతో నెమ్మదిగా తొలగిస్తారు. రాతిలో ఇంకిన ఉప్పును వెలికితీయడానికి తడిపిన కాగితపు గుజ్జును పట్టువేస్తారు. నీటిలో కరిగిన ఉప్పు, గుజ్జు ఆరుతున్నకొద్దీ అందులోకి చేరుతుంది. ఇసుకను వేగంగా చిమ్మి రాతిని కడిగే పద్ధతి మాత్రం మహాపకారం. దానివల్ల మురికితోపాటు శిల్పాల ముక్కు కళ్లు, శాసనాల అక్షరాలు కూడా అరిగిపోతాయి.

అతుకులకు సిమెంటు వాడటమూ తగదు. అది తడిని రాతిలోనే బంధిస్తుంది. గానుగలో నూరి, కరక్కాయ, బెల్లపు నీరు కలిపిన సున్నం తేమను బయటికి పోనిస్తుంది. మన పెద్దల విజ్ఞత అది.

భక్తుల వంతు

గోడలకు, స్తంభాలకు పసుపు కుంకుమలు పూయడం, శిల్పాల పాదాల చెంత కర్పూరం వెలిగించడం, ప్రాకారాలకు నూనెరంగులు వేయించడం మనం భక్తితో చేసే పనులే. కాని జిడ్డు, మసి రాతి రంధ్రాలలో చేరితే వదిలించడం కష్టం. దీపానికి దీపస్తంభం, కొబ్బరికాయకు నిర్ణీత స్థలం ఉండనే ఉన్నాయి. మీ ఊరి పాత కోవెలకు రంగులు వేయించాలని తలపెడితే, ముందుగా పురావస్తు నిపుణులను సంప్రదించండి. రాతిపై ఉన్న ఒక్క శాసనం చెరిగినా, ఆ దాత సంకల్పం మన బిడ్డలకు అందకుండా పోతుంది.